యాభై సెంట్ల పుస్తకాలు చేసిన పని

1914లో అమెరికాలోని 'ఔట్‌లుక్' పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. రాసినవాడు ఫ్రాంక్లిన్ మథ్యూస్, బాయ్ స్కౌట్ల సంస్థకు ముఖ్య గ్రంథాలయాధికారి. చవకగా దొరికే సాహస నవలలు కుర్రాళ్ల మెదళ్లను పేల్చేస్తున్నాయని శీర్షికలోనే చెప్పాడు. ఈ పుస్తకాల నిండా గండాలు, వాటి నుంచి నమ్మశక్యం కాని రీతిలో గట్టెక్కడాలు. వీటికి అలవాటు పడిన పిల్లవాడి ఊహ అదుపు తప్పుతుంది, ఆ తర్వాత మంచి పుస్తకం చేతికిచ్చినా రుచించదు అన్నది ఆయన వాదన. పిల్లల మేలు కోరే రాశాడు, సందేహం లేదు. అయితే శతాబ్దం దాటాక వెనక్కి తిరిగి చూస్తే, ఆయనా ఆయన తరం పెద్దలూ ఆ పుస్తకాల మీద మోపిన నేరం నిలవలేదని తెలుస్తుంది. మోపవలసిన నేరం మరొకటి నిజంగానే ఉంది. అప్పటి వాదనల్లో దానికి చోటు దొరకలేదు. రెండింటికీ మూలం ఒకటే, పునరుక్తి. అవే పాత్రలు, అదే ఊరు, అదే నడక, చిక్కు మాత్రం కొత్తది. పిల్లల సిరీస్ పుస్తకాల బలమంతా అందులోనే ఉంది. ప్రమాదమూ అందులోనే ఉంది.

మథ్యూస్ కోపం ప్రధానంగా ఎడ్వర్డ్ స్ట్రేట్‌మేయర్ అనే మనిషి నడిపిన వ్యాపారం మీద. 1862లో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎలిజబెత్ పట్టణంలో పుట్టిన స్ట్రేట్‌మేయర్ మొదట తానే పిల్లల కథలు రాసేవాడు. 1899లో మొదలుపెట్టిన 'రోవర్ బాయ్స్' బాగా అమ్ముడయ్యాక ఆయనకు రెండు సంగతులు అర్థమయ్యాయి. ఒక పాత్ర నచ్చిన పిల్లలు ఆ పాత్ర కోసమే మళ్లీ వస్తారు. వాళ్లు కోరినన్ని పుస్తకాలు ఒక్క మనిషి రాయలేడు. దాంతో 1905 ప్రాంతంలో ఒక సిండికేట్ పెట్టాడు. కథా సంగ్రహం రెండు మూడు పేజీల్లో ఆయన రాసిస్తాడు. ఎవరో ఒక రచయిత దాన్ని కొద్ది వారాల్లో నవలగా పెంచి ఇస్తాడు. ఆయన సరిదిద్ది ప్రచురణకర్తకు పంపుతాడు. రచయితకు ఒకేసారి కొంత సొమ్ము, అంతటితో సరి. హక్కులుండవు, రాయల్టీ ఉండదు, పుస్తకం మీద పేరూ ఉండదు. టామ్ స్విఫ్ట్ కథలకు విక్టర్ ఆపిల్టన్, హార్డీ సోదరుల కథలకు ఫ్రాంక్లిన్ డబ్ల్యూ. డిక్సన్, నాన్సీ డ్రూ కథలకు కెరొలిన్ కీన్. వీళ్లెవరూ లోకంలో లేరు. అన్నీ సిండికేట్ కల్పించి పెట్టిన పేర్లే.

ధర విషయంలో స్ట్రేట్‌మేయర్ వేసిన ఎత్తు ఇంకా పెద్దది. పిల్లల పుస్తకం డాలరు, అంతకు అటూ ఇటూ పలుకుతున్న రోజుల్లో, 1906లో 'మోటార్ బాయ్స్'తో మొదలుపెట్టి యాభై సెంట్లకే గట్టి అట్ట పుస్తకం అమ్మించాడు. అప్పటిదాకా పిల్లవాడికి ఏ పుస్తకం కొనాలో తండ్రి, పంతులు, గ్రంథాలయాధికారి నిర్ణయించేవారు. యాభై సెంట్లయితే పిల్లవాడే కూడబెట్టుకుని కొనుక్కోగలడు, చదివి స్నేహితుడికి మార్చుకోగలడు. పెద్దల కోపంలో సాహిత్య విలువల చింత ఎంత ఉందో, ఎంపిక తమ చేతుల్లోంచి జారిపోయిందన్న కలవరమూ అంతే ఉందని నాకు అనిపిస్తుంది. కొత్త సిరీస్ మొదలుపెట్టేటప్పుడు మూడు పుస్తకాలు ఒకేసారి వదిలి, అవి అమ్ముడైతేనే ముందుకు వెళ్లేవారు. ప్రతి పుస్తకం మొదట్లో పాత సంగతుల ప్రస్తావన, చివర్లో రాబోయే పుస్తకం కబురు, అధ్యాయం ముగిసేచోట ఒక గండం. ఈ కొలతలన్నీ ముందే గీసి పెట్టినవి.

ఆ కొలతల్లోంచే 1930 ఏప్రిల్ 28న నాన్సీ డ్రూ వచ్చింది. మొదటి మూడు పుస్తకాలు ఒకే రోజు విడుదలయ్యాయి. పన్నెండు రోజుల తర్వాత స్ట్రేట్‌మేయర్ చనిపోయాడు. ఆ మూడింటినీ, మొదటి ముప్పైలో మొత్తం ఇరవై మూడింటినీ రాసింది అయోవా రాష్ట్రానికి చెందిన మిల్‌డ్రెడ్ వర్ట్ అనే యువతి. తర్వాతి కాలంలో ఆమె పేరు మిల్‌డ్రెడ్ బెన్సన్. అయోవా విశ్వవిద్యాలయంలో జర్నలిజంలో మాస్టర్స్ పట్టా పుచ్చుకున్న మొదటి విద్యార్థి ఆమే. పుస్తకానికి ఆమెకు దక్కింది 125 డాలర్లు. ఆర్థిక మాంద్యంలో దాన్ని 75కి తగ్గిస్తామన్నప్పుడు ఆమె కొన్నాళ్లు రాయడం మానుకుంది, మూడు పుస్తకాలు వాల్టర్ కారిగ్ అనే మరో రచయిత పూర్తి చేశాడు. నాన్సీకి పదహారేళ్లు. తల్లి లేదు, తండ్రి లాయరు. నీలం రంగు కారు సొంతంగా నడుపుతుంది, తాళాలు విప్పుతుంది, దొంగల వెంట పడుతుంది, పోలీసులు చేతులెత్తేసిన చోట జవాబు కనుక్కుంటుంది. కథా సంగ్రహం స్ట్రేట్‌మేయర్‌దే అయినా ఆ పిల్లకు మాటకు మాట చెప్పే ధైర్యం ఇచ్చింది మిల్‌డ్రెడ్ కలం.

గ్రంథాలయాలు ఈ పుస్తకాలను గడప దాటనివ్వలేదు. 1929లో మేరీ రూట్ అనే గ్రంథాలయాధికారిణి 'విల్సన్ బులెటిన్'లో ఒక జాబితానే వేసింది, పాఠకులకు ఇవ్వకూడని సిరీస్‌ల జాబితా. మరోపక్క 1926లో అమెరికన్ గ్రంథాలయ సంఘం ప్రచురించిన విన్నెట్కా సర్వే పిల్లలు ఏం చదువుతున్నారో వాళ్లనే అడిగింది. ముప్పై నాలుగు నగరాల్లో ముప్పై ఆరు వేల మందికి పైగా పిల్లలు చెప్పిన జవాబుల్లో ఈ యాభై సెంట్ల పుస్తకాలే పొంగిపొర్లాయి. మథ్యూస్ చేసిన విరుగుడు చూస్తే సంగతి మరింత స్పష్టమవుతుంది. మంచి పుస్తకాలు ఏరి 'ఎవ్రీ బాయ్స్ లైబ్రరీ' పేరుతో చవక ముద్రణలు వేయించాడు. 1919లో మొదలైన బాలల పుస్తక వారోత్సవం వెనుకా ఆయన కృషి ఉంది. అంతటితో ఆగక, స్కౌట్ కుర్రాడు టామ్ స్లేడ్ కథలు రాస్తున్న పెర్సీ ఫిట్జ్‌హ్యూను ప్రోత్సహించాడు. ఆ టామ్ స్లేడ్ కథలూ ఒక సిరీసే. సిరీస్‌తో పోరాడటానికి దిగినవాడు చివరికి ఇంకో సిరీస్‌నే ఆయుధంగా ఎంచుకోవలసి వచ్చిందంటే, పిల్లలకు పట్టుబడిన రూపం ఏదో ఆయనకూ తెలిసిపోయిందన్నమాట.

ఎందుకు పట్టుబడింది? చదవడం కొత్తగా వచ్చిన పిల్లవాడికి ప్రతి కొత్త పుస్తకం మొదటి ఇరవై పేజీలూ కష్టమే. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఈ ఊరు ఎక్కడ, ఈ రచయిత ధోరణి ఏమిటి, ఇవన్నీ తేల్చుకుంటూనే మాటలను కూడబలుక్కోవాలి. చాలామంది ఆ ఇరవై పేజీల్లోనే పుస్తకం మూసేస్తారు. సిరీస్‌లో రెండో పుస్తకం తెరిచేసరికి ఆ బరువంతా దిగిపోయి ఉంటుంది. మనుషులు తెలుసు, వాళ్ల మాట తీరు తెలుసు, అవే పదాలు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. మిగిలిన శక్తి అంతా చదవడం మీదే పెట్టవచ్చు. సైకిలు నేర్చుకునే పిల్లవాడు రోజూ ఒకే మైదానంలో తిరుగుతాడు; దారి వెతుక్కునే పని లేదు కనుకనే వాడికి తొక్కడం వస్తుంది. భాషాశాస్త్రవేత్త స్టీఫెన్ క్రాషెన్ 1981 నుంచి చెబుతూ వచ్చింది ఇదే. ఒకే రచయితను, ఒకే విషయాన్ని వరసగా చదివేవాళ్లకు భాష త్వరగా పట్టుబడుతుందని, మొదట్లోనే అన్ని రకాలూ రుచి చూపించాలన్న తొందర మంచిది కాదని ఆయన వాదన. తెలిసిన చోట తెలియనిది జరగడం పిల్లలకు అన్నిటికన్నా ఇష్టమని పేదరాశి పెద్దమ్మ కథలు చెప్పిన ప్రతి అమ్మమ్మకూ తెలుసు.

తెలుగు పాఠకులకు ఈ సంగతి కొత్తగా రుజువు చేయనక్కరలేదు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టిన 'చందమామ' పునరుక్తిని రెండు పద్ధతుల్లో పక్కపక్కనే నడిపింది. ఒకటి బేతాళ కథలు. మూలంలో ఉన్నవి ఇరవై అయిదే. చందమామలో అవి దశాబ్దాల పాటు, వందల సంఖ్యలో సాగాయి. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నడవడం, బేతాళుడు కథ చెప్పి చిక్కు ప్రశ్న వేయడం, రాజు నోరు విప్పగానే మళ్లీ చెట్టెక్కడం. చట్రం ఏ నెలా మారదు, శంకర్ గీసిన బొమ్మ కూడా మారదు. ఆ మారనితనం వల్లే పాఠకుడు కథలోని తర్కం మీద, జవాబు మీద మనసు పెట్టగలిగాడు. రెండోది దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 'భల్లూక మాంత్రికుడు' వరకు పన్నెండు రాశారు. వాటిలో కథ నెలనెలా ముందుకు కదులుతుంది, ప్రతి భాగమూ ఒక గండంలో ఆగుతుంది. చిత్రకారుడు 'చిత్ర' వేసిన బొమ్మలతో ఆ అడవులూ కోటలూ మాంత్రికులూ రెండు మూడు తరాల తెలుగు పిల్లలకు సొంత ఊళ్లంత పరిచయమయ్యాయి. పాఠ్యపుస్తకం బయట తెలుగు గబగబా చదవడం ఎంతమందికి అక్కడ వచ్చిందో లెక్క ఎవరూ తీయలేదు గానీ, ఆ కథలు పుస్తకాలుగా రావాలని పట్టుబట్టిన అభిమానులు నడివయసు దాటినవాళ్లు. చిన్నప్పుడు చదివి మరిచిపోయినవాళ్లు అలా పట్టుబట్టరు.

దీనికి గట్టి అభ్యంతరమే ఒకటి ఉంది. సిరీస్ పుస్తకాలు చదివి పెద్ద పాఠకులైనవాళ్లనే మనం చూస్తున్నాం. అక్కడే ఆగిపోయినవాళ్ల మాటేమిటి? చదివే స్వభావం ఉన్నవాళ్లు ఏది ఇచ్చినా చదివేవాళ్లేమో, ఆ ఘనత సిరీస్‌కు ఎందుకు కట్టబెట్టాలి? కెనడా పరిశోధకురాలు కేథరిన్ షెల్డ్రిక్ రాస్ 1995లో ప్రచురించిన అధ్యయనానికి కూడా ఈ పరిమితి ఉంది. ఇష్టంతో విస్తారంగా చదివే పెద్దలను ఆమె ఇంటర్వ్యూ చేస్తే, సగానికి పైగా మంది చిన్నప్పుడు నాన్సీ డ్రూ, హార్డీ సోదరులు, ఎనిడ్ బ్లైటన్ వంటి సిరీస్‌లు చదివినట్టు తమంతట తామే చెప్పారు. ఇందులో ఉన్నది పాఠకులుగా మిగిలినవాళ్లు మాత్రమే కనుక, సిరీస్ వల్లే పాఠకులయ్యారని దీన్నిబట్టి తేల్చలేం. కానీ మథ్యూస్ వాదన అది కాదు. ఈ పుస్తకాలు మంచి సాహిత్యం మీద రుచిని చంపేస్తాయన్నది ఆయన మాట. ఆ మాట నిజమైతే విస్తారంగా చదివే పెద్దల బాల్యంలో ఇవి అరుదుగా కనిపించాలి, లేదా అసలు కనిపించకూడదు. కనిపించడమే కాదు, సగానికి పైగా కనిపించాయి. సిరీస్ పాఠకుణ్ని తయారుచేస్తుందో లేదో ఇంకా వాదించుకోవచ్చు, పాడుచేస్తుందన్న మాట మాత్రం నిలవదు.

ఇక ఆ పుస్తకాలు మనుషుల మనసుల్లో ఏం నాటాయో చూస్తే, వాటిని కాలక్షేపమని కొట్టిపారేయడం ఇంకా కష్టం. అమెరికా సుప్రీంకోర్టులో కూర్చున్న మొదటి ముగ్గురు మహిళా న్యాయమూర్తులు సాండ్రా డే ఓకానర్, రూత్ బేడర్ గిన్స్‌బర్గ్, సోనియా సోటోమయోర్. ముగ్గురూ చిన్నప్పుడు నాన్సీ డ్రూ చదివినట్టు చెప్పుకున్నవాళ్లే. సోటోమయోర్ అయితే నాన్సీలా డిటెక్టివ్ కావాలనుకుంది, చిన్న వయసులోనే మధుమేహం బయటపడి ఆ ఆశ వదులుకుని లాయరు వృత్తి వైపు మళ్లింది. టామ్ స్విఫ్ట్ ప్రభావం మరో దిక్కున సాగింది. నేటి పోలీసుల చేతుల్లో కనిపించే టేజర్‌ను రూపొందించిన జాక్ కవర్, దానికా పేరును 1911లో వచ్చిన టామ్ స్విఫ్ట్ విద్యుత్ తుపాకి నవల నుంచి తీసుకున్నాడు. ఆపిల్ కంపెనీ స్థాపకుల్లో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ తాను ఇంజినీరు కావడానికి టామ్ స్విఫ్ట్ జూనియర్ కథల ప్రేరణ ఉందని చెప్పాడు. ఒక్క పుస్తకం ఎంత గొప్పదైనా పిల్లవాడితో వారం రోజులుంటుంది. ముప్పై పుస్తకాల్లో మళ్లీ మళ్లీ కనిపించిన మనిషి మూడు నాలుగేళ్లు తోడుంటాడు. ఆడపిల్ల కారు నడపగలదని, అడిగితే జవాబు రాబట్టగలదని ఒకసారి చదివితే అది కథ. ముప్పైసార్లు చదివితే అది లోకం తీరు.

సరిగ్గా ఇక్కడే అసలు నేరం ఉంది. ముప్పైసార్లు చదివితే లోకం తీరు అయిపోయేది మంచి మాత్రమే కాదు. టామ్ స్విఫ్ట్ కథల్లో ఎరాడికేట్ శాంప్సన్ అనే నల్లజాతి ముసలివాడు ఉంటాడు. కంచర గాడిదను తోలుకుంటూ, వంకర ఇంగ్లీషు మాట్లాడుతూ, ప్రతి పుస్తకంలో నవ్వు పుట్టించడమే అతని పని. మరో సిరీస్ 'బాబ్సీ ట్విన్స్'లో వంటమనిషి డైనా కూడా అదే మూసలోది. నాన్సీ డ్రూ మొదటి పుస్తకం 1930 ప్రతిలో బంగళా కాపలాదారు జెఫ్ టక్కర్ నల్లవాడు, తాగుబోతు, దొంగలు ఇల్లంతా ఊడ్చుకుపోతుంటే కాపాడలేని అసమర్థుడు. ఒక తరం తెల్లపిల్లలు ఇలాంటి పాత్రలను డజన్ల పుస్తకాల్లో అదే రూపంలో చూస్తూ పెరిగారు. ఒక నల్లపిల్ల అదే పుస్తకం తెరిస్తే, తనలాంటి వాళ్లకు ఆ ఊళ్లో ఉన్న చోటు వంటింట్లోనో, గాడిద పక్కనో అని తెలిసేది. పిల్లల ఊహ అతిగా రెచ్చిపోతుందని మథ్యూస్ బెంగపడ్డాడు. ఆ ఊహలో ఎవరిని ఎక్కడ కూర్చోబెడుతున్నారన్నది ఆయన వ్యాసంలో ప్రశ్నే కాలేదు. పునరుక్తికి అంత శక్తి ఉందని నమ్మినవాళ్లు ముందుగా అడగవలసిన ప్రశ్న అది.

1950ల్లో ఈ మూస పాత్రల మీద తల్లిదండ్రుల నుంచి ఉత్తరాలు రావడం మొదలయ్యాక సిండికేట్ కదిలింది. స్ట్రేట్‌మేయర్ కూతురు హ్యారియెట్ ఆడమ్స్ ఆధ్వర్యంలో 1959 నుంచి పాత పుస్తకాలను వరసగా తిరగరాశారు. ఇరవై అయిదు అధ్యాయాలు ఇరవైకి కుదించారు, నాన్సీ వయసు పద్దెనిమిదికి పెంచారు, వెక్కిరింపు పాత్రలు తీసేశారు. ఆ దిద్దుబాటు సరిపోయిందా అంటే, లేదనే చెప్పాలి. చాలాచోట్ల నల్లవాళ్లను గౌరవంగా చూపించే బదులు పుస్తకంలోంచే పంపించేశారు. అవమానం పోయింది, దాంతోపాటు మనుషులూ పోయారు. నాన్సీ కూడా మునుపటి దూకుడు తగ్గి, పెద్దల మాట వినే మర్యాదస్తురాలైంది. పాత ప్రతులు ఎక్కువ సజీవంగా ఉంటాయన్న అభిమానుల మాటలో నిజం ఉంది. అయినా తిరగరాయడం తప్పని నేను అనను. సిరీస్ చదివే పిల్ల ఒక పుస్తకాన్ని బేరీజు వేస్తూ చదవదు, ఒకదాని తర్వాత ఒకటి మింగేస్తుంది. ముందుమాటలో ఇచ్చే హెచ్చరిక ఆమె చదవదు.

డబ్బు కోసం, యంత్రంలో తోసినట్టు తయారైన పుస్తకాలకు ఇంత గౌరవం ఎందుకని అడిగేవాళ్లూ ఉన్నారు. యంత్రం వెనుక మనుషులు ఉన్నారన్నదే దీనికి జవాబు. హార్డీ సోదరుల తొలి పుస్తకాలు రాసిన కెనడా రచయిత లెస్లీ మెక్‌ఫార్లేన్ ఆ పనిలో తనకు చేతనైనంత హాస్యం, తిండి వర్ణనలు చేర్చానని తర్వాత తన ఆత్మకథలో రాసుకున్నాడు. మిల్‌డ్రెడ్ పేరు మాత్రం యాభై ఏళ్లు చీకట్లోనే ఉండిపోయింది. హ్యారియెట్ ఆడమ్స్ తానే కెరొలిన్ కీన్‌నని ఏళ్ల తరబడి చెప్పుకుంది. 1980లో ప్రచురణ హక్కుల మీద సిండికేట్‌కూ ప్రచురణ సంస్థ గ్రోసెట్ అండ్ డన్‌లప్‌కూ మధ్య న్యూయార్క్ కోర్టులో వ్యాజ్యం నడిచినప్పుడు మిల్‌డ్రెడ్‌ను సాక్షిగా పిలిచారు. ఒప్పంద పత్రాలు, ఉత్తరాలు బయటికొచ్చాయి. అప్పటికి ఆమెకు దాదాపు డెబ్బై అయిదేళ్లు. 1993లో అయోవా విశ్వవిద్యాలయం నాన్సీ డ్రూ మీద సదస్సు పెట్టి ఆమెను సత్కరించింది. ఒహాయోలోని టొలెడోలో పత్రికా రచయితగా పనిచేస్తూనే 2002లో, 96వ ఏట కన్నుమూసింది. మన దాసరి సుబ్రహ్మణ్యం విషయంలోనూ దాదాపు ఇంతే. ఆ పన్నెండు ధారావాహికలూ చందమామలో రచయిత పేరు లేకుండానే అచ్చయ్యాయి. ప్రాణం పెట్టి చదివిన పిల్లల్లో చాలామందికి అవి ఎవరు రాశారో పెద్దయ్యాక గానీ తెలియలేదు. పత్రిక సంప్రదాయం కావచ్చు, వ్యాపార అవసరం కావచ్చు. పిల్లల కోసం రాసే పనిని ఎవరి పేరూ అక్కరలేని పనిగా చూసే అలవాటు రెండుచోట్లా ఉంది, అది న్యాయం కాదు.

సిండికేట్ 1984లో సైమన్ అండ్ షుస్టర్ చేతికి వెళ్లింది. గ్రంథాలయాధికారులు ఒకప్పుడు గడప దాటనివ్వని ఆ పుస్తకాల కథా సంగ్రహాలు, ఒప్పందాలు, ఉత్తరాలు ఇప్పుడు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి, పరిశోధకులు వచ్చి చూసుకుంటున్నారు. 2026 జనవరి 1తో నాన్సీ డ్రూ తొలి పుస్తకాల 1930 నాటి ప్రతులకు అమెరికాలో కాపీరైట్ గడువు తీరింది. ఆ పాఠాన్ని ఇక ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. చవకగా ఉంటుంది కనుక చాలామంది వేస్తారు, జెఫ్ టక్కర్ ఉన్న పేజీలతో సహా. పిల్లల కోసం వేసేవాళ్లు ఆ పేజీలతో ఏం చేస్తారో ఒక్కొక్క ప్రచురణకర్తా తేల్చుకోవాలి. రచయిత పేరు విషయంలో మాత్రం తేల్చుకోవలసింది ఏమీ లేదు: అట్ట మీద మిల్‌డ్రెడ్ వర్ట్ బెన్సన్ అని వేయడానికి ఇప్పుడు ఏ ఒప్పందమూ అడ్డు లేదు.